పాట పుట్టిన నేల

(వేదపఠనము: 1 సమూయేలు 16:14–23, కీర్తనలు 126, 137, ఆమోసు 5:21–24, కొలొస్సయులకు 3:16)



పాట వినునప్పుడు మన హృదయమును కదలించునది రాగమా, మాటలా అను ప్రశ్న యౌవనస్థుల కూటములో వచ్చినది. సగముమంది రాగమనిరి, సగముమంది మాటలనిరి. వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఒక అవ్వ మాత్రము, "పాడేటోళ్ళు ఏడికెల్లి వచ్చిండ్రో ఎరుకైతెనే నాకు పాట లోపలికి దిగుతది అయ్యగారూ" అన్నది. పిల్లలు నవ్విరి. అయితే ఈ నెల పాఠమునకు ఆమె మాటయే ఆధారమని తలంచుచున్నాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు సంఘములలో ఇప్పుడు పాటను గూర్చి వచ్చుచున్న తగవులన్నియు దానిలో ఇమిడి యున్నవి.

మొదట సౌలు సంగతి చూతము. రాజునకు మనోవ్యథ కలిగినప్పుడు సేవకులు వాయించువాని కొరకు వెదకిరి. బేత్లెహేమునుండి వచ్చిన గొర్రెల కాపరి తంతులు మీటగా రాజు సేదదీరెను. దావీదు అప్పుడు ఏ మాటలు పాడెనో ఆ అధ్యాయములో వ్రాయబడలేదు. అతని చేతిని గూర్చియే వ్రాయబడినది. కావున మాటలు లేకయే రాగమునకు ఒక బలము కలదని ఒప్పుకొనవలెను.

ఆ బలము ఎట్లు పనిచేయునో మన యిండ్లలోనే చూడవచ్చును. తల్లి జోలపాట ఊయల ఊపును దాటదు. బిడ్డ ఊపిరి ఆ ఊపునకు నిదానించును. నాటు వేయు స్త్రీల పాట వంగుచు లేచు నడుమును అనుసరించును. దంపుడు పాట రోకటి దెబ్బకు ఆగి మరల లేచును. శోకము పెట్టు స్త్రీ కంఠము పైనుండి క్రిందికి జారును. శోకరసమునకు మన విద్వాంసులు ఎంచుకొను ముఖారి రాగములోను ఆ జారుడు వినబడును. అనగా రాగము మన దేహమునకు తెలిసిన నడకలనే అనుకరించుచున్నది, దేహము వెంటనే దానిని గుర్తుపట్టుచున్నది.

2011లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమందలి పరిశోధకులు ఈ సంగతిని మెదడులోనే పరీక్షించిరి. ప్రియమైన పాట విని ఒళ్ళు గగుర్పొడుచునప్పుడు డోపమిన్ అను రసాయనము విడుదలయగునని కనుగొనిరి. ఆకలిగొన్నవాడు అన్నము తిన్నప్పుడు కలుగు తృప్తికిని ఈ రసాయనమే పనిచేయును. పాటలోని ఆ గొప్ప ఘట్టము రాకమునుపే, అది వచ్చునని ఎదురుచూచునప్పుడే విడుదల మొదలగునని కూడ వారు చూచిరి. పల్లవి మరల వచ్చుటకు మన చెవి ఎందుకు కాచుకొనియుండునో దీనివలన కొంత తెలియుచున్నది. మరియొక విషయము గమనింపుడి. ఆ పరీక్షకు పాటలను పరిశోధకులు ఎంచలేదు. వినువారే తమ తమ ప్రియమైన పాటలను తెచ్చుకొనిరి. ఒకనికి గగుర్పాటు కలిగించిన పాట ఇంకొకనికి చప్పగా నుండెను. రాగముననే సర్వబలము ఉన్నయెడల అందరికి ఒకే పాట చాలియుండును.

అయితే ఒక పాట ఒకనికే ఎందుకు తగులును?

దావీదు చేతిలోని వాద్యమును మన తెలుగు బైబిలు సితారా అనుచున్నది. ఆ మాట వినగానే ఉత్తరదేశపు విద్వాంసులు సభలో వాయించు పొడుగాటి వాద్యము మన కన్నుల యెదుట నిలుచును. హెబ్రీ భాషలో దాని పేరు కిన్నోరు. అది చంకలో ఇముడునంత చిన్నది. గొర్రెల వెంట కొండలకు మోసికొని పోదగినది. ఆ పేరు మన ప్రాంతము వారి చెవికి ఎంత దగ్గరగా నున్నదో చూచితిరా? మన పల్లెలలో కిన్నెర మ్రోగినది గదా. (పేర్లు పోలినంతమాత్రమున రెండును ఒక్క తల్లి బిడ్డలని ప్రసంగములలో చెప్పవద్దని తోటి బోధకులకు మనవి.) పోలిక పేరులో కంటె బ్రదుకులో ఎక్కువగా నున్నది. రెండును నడచుచు తిరుగువాని భుజముమీది వాద్యములే.

నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించుటలో ప్రసిద్ధులు. వెదురు దండ, ఎండిన సొరబుర్రలు, అతికించుటకు తేనెమైనము. తంతులు తప్ప తక్కినదంతయు నల్లమల అడవి అంచున దొరకునదే. ఆయన పాడు కథలలో ముఖ్యమైనది పండుగ సాయన్న కథ. ధనవంతులను దోచి బీదలకు పంచెనని పాలమూరు ప్రజలు నేటివరకు చెప్పుకొను మనుష్యుడతడు. దోపిడి మంచిదని నేను చెప్పుట లేదు. ఆకలిగొన్న ఊళ్ళు ఎవనిని తమ వీరునిగా ఎంచుకొన్నవో చూడుమనుచున్నాను. మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. అంతకు ముందటి సంవత్సరము ఒక చలనచిత్రపు పాట ఆరంభములో ఆయన కంఠము విని, కిన్నెర అను పేరే ఎరుగని పట్టణపు పిల్లలు కూడ చెవియొగ్గిరి. 2024లో ఆయన హైదరాబాదు దగ్గర కట్టడపు పనిలో కూలి చేయుచున్నారని పత్రికలలో పడినది. వాద్యమునకు ఘనత వచ్చెను, వాయించువానికి కూలి తప్పలేదు. ఆ కంఠములో మనము వినుచున్న జీర ఎక్కడనుండి వచ్చినదని వేరుగా అడుగవలసిన పని లేదు.

అదే జిల్లాలోని గౌరారములో 1963లో పుట్టిన గోరటి వెంకన్నగారిని ఎరుగనివారు మనలో ఉండరు. ఆయన తండ్రి యక్షగాన కళాకారుడు. కుమ్మరి సారె తిరుగుట మాని, కొలిమి చల్లారి, మగ్గము మూలబడిన పల్లెను గూర్చి ఆయన కట్టిన పాట ఊరూర వినబడినది. ఆయన 'వల్లంకి తాళం' అను పుస్తకమునకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. వల్లంకి యనునది ఒక పిట్ట. వాగు, తుమ్మచెట్టు, పిట్ట, చెరువుగట్టు, వీటినిగూర్చి ఆయన పాడునప్పుడు వినువాడు తాను విడిచివచ్చిన తన ఊరినే చూచుకొనును.

గద్వాలకు వేరొక పాటయు కలదు. సంస్థానపు కాలములో అది విద్వద్గద్వాల అని పేరుపొందినది. వనపర్తి, ఆత్మకూరు సంస్థానములవలెనే అక్కడికిని దూరదేశపు కవులు వచ్చి, పద్యములు చెప్పి, శాలువలు కప్పించుకొని పోయిరి. ఆ పద్యములలోని ఏనుగులు, సింహాసనములు, చందనపు పూతలు కోటలోపలి వస్తువులే. కోటగోడకు వెలుపల అదే సమయమున నడిగడ్డలో కలుపు తీయు స్త్రీ పాడుకొన్న పాటలో ఆమె మొలక కొడవలియు, ఆమె అత్తగారి నోరును ఉండెను. ఇవి రెండును తెలుగే. ఎవరి చుట్టును ఏమి యుండెనో వారి పాటలో అదియే వచ్చినది.

ఇప్పుడు 137వ కీర్తన తెరువుడి. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిన తరువాత చెరగా పోయినవారి కీర్తన యిది. బబులోను కాలువల యొద్ద కూర్చుండి వారు ఏడ్చిరి. తమ కిన్నోరులను నిరవంజి చెట్లకు తగిలించిరి. చెరపట్టినవారు మీ ఊరి పాట యొకటి పాడుమని వారిని అడిగిరి. ఆ అడుగుటలో ఎంత క్రూరత్వమున్నదో చెరపోనివానికి తెలియదు. బొంబాయి, పూణె పట్టణములలో పనిచేసి వచ్చిన మన సహోదరులకు తెలియును. పాలమూరు లేబరు అను పేరు దేశమంతట వాడుకైనది. నాగార్జునసాగరు ఆనకట్ట కట్టబడిన 1955–1967 కాలమునందును, ఆ తరువాత లేచిన అనేక ప్రాజెక్టులయొద్దను, గుంపు మేస్త్రీ చేతి ముందుబాకీ తీసికొని పోయి మన తాతలు రాయి మోసిరి, మట్టి తవ్విరి. ముసలివారిని, చంటిపిల్లలను ఊరిలో విడిచి పోయిరి. సాయంకాలము గుడిసెలయెదుట వారు పాడుకొన్న పాటలు ఎవరును వ్రాసికొనలేదు.

ఆ కీర్తన కన్నీటితో మొదలై భయంకరమైన కోపముతో ముగియుచున్నది. మన ఆరాధనలలో చివరి మూడు వచనములు చదువకుండ దాటవేయుట వాడుకైపోయినది. దాటవేయరాదని నా అభిప్రాయము. ఆ కోపమును ఆచరణలో పెట్టుమని దేవుడు సెలవియ్యలేదు. అయితే దానిని మనుష్యులమీద చూపక తనయొద్దకు పాటగా తెచ్చుటకు సెలవిచ్చెను. అణగద్రొక్కబడినవారు మెత్తని మాటలే పాడవలెనని శాసించువాడు వారి కాలువయొడ్డున ఎన్నడును కూర్చుండలేదు.

126వ కీర్తన మనకు ఇంకను దగ్గరది. అందులో కన్నీటితో విత్తువాడు, దక్షిణదేశపు ఎండువాగులలోనికి వచ్చు నీరు కలవు. పచ్చని దేశములలో వ్రాయబడిన వ్యాఖ్యానములు ఈ భాగమును ఉపమానమని రెండు వాక్యములలో ముగించును. దుందుభి వాగు ఏడాదిలో అధికభాగము ఇసుకయై యుండి, ఎక్కడనో కురిసిన వానకు ఒక్కరాత్రిలో పొంగి వచ్చుట చూచినవారికి ఉపమానము విప్పిచెప్పనక్కర లేదు. విత్తువాడు ఎందుకు ఏడ్చుచున్నాడు? ఇంటిలో పిల్లలు ఆకలిగొని యుండగా, వండవలసిన గింజలను మట్టిలో పోయుచున్నాడు గనుక. వాన రాకపోయిన యెడల ఆ గింజయు పోవును. కరవు సంవత్సరములలో పెద్దలు విత్తనపు కుండకు మూతవేసి మట్టితో అలికి, తల్లిని కూడ ముట్టనియ్యకపోయిరని మన యిండ్లలో చెప్పుకొందురు. యూదయ కొండలలోని రైతు కట్టిన పాట పాలమూరు రైతుకు వ్యాఖ్యానము లేకయే తెలియుట యెట్లనగా, రెండు నేలలు ఒకే రీతిగా ఎండినవి.

మన క్రైస్తవ కీర్తనల సంగతికి వత్తము. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బెంగాలీ బ్రాహ్మణ కుటుంబములో జన్మించి, 1833లో కటకములో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించిరి. సంస్కృతము, ఛందస్సు, రాగతాళములు ఎరిగినవారు. క్రీస్తును నమ్మినప్పుడు తాము నేర్చినదానిని బయట పారవేయక వెంట తెచ్చిరి. నేటికిని కీర్తనల పుస్తకములో పాటపైన రాగము, తాళము అచ్చువేయబడియుండుట ఆ తరమువారు పెట్టిన వాడుకయే. ఆయన కీర్తనలలో కొన్ని మాటలు మా పల్లెవారికి నోరు తిరుగవు. అయినను తాళము చేతికి తెలియును, రాగము చెవికి తెలియును గనుక అర్థము నెమ్మదిగా వెనుకనుండి వచ్చి చేరును. ఆయన పరిసరము ఆయన పాటలో ఉన్నది. అది మన పరిసరము కాకపోయినను తెలుగు నేలయే.

పాశ్చాత్య రాగములలో వచ్చిన అనువాద గీతములది వేరు కథ. 1899లో అమెరికానుండి హైదరాబాదుకు వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనెరీలును, గద్వాలలో ముందుగా పనిచేసిన బాప్టిస్టు మిషనెరీలును తమతో తమ పాటలు తెచ్చిరి. ప్రేమతోనే తెచ్చిరి. చిక్కు ఎక్కడనగా, ఆంగ్ల పాటలో మొదటి అక్షరము తేలికగా ఎత్తి రెండవదానిమీద ఊనుట తరచు. తెలుగు మాటకు ఆ నడక లేదు. మన భాషలో బలము ఊనికమీద గాక అక్షరపు నిడివిమీద నిలిచియున్నది. కల అనునది వేరు, కాల అనునది వేరు. పలు వేరు, పాలు వేరు. పడి వేరు, పాడి వేరు. విదేశపు రాగమునకు సరిపెట్టుటకు పొట్టి అక్షరమును సాగదీయగా మాటయే మారిపోవును. పాడువాడు ఒకటి చెప్పును, వినువాడు మరియొకటి వినును. షంషాబాదు వేదపాఠశాలలో మేము నాలుగు స్వరములతో ఈ పాటలు అభ్యసించినప్పుడు చెవికి ఎంతో ఇంపుగా నుండెను. ఊరికి వచ్చి పాడగా పెద్దలు మర్యాదకు వినిరి.

అయినను న్యాయముగా చెప్పవలెను. ఆ అనువాద గీతములలో కొన్ని మూడు నాలుగు తరములు మన సమాధుల యొద్ద పాడబడినవి. తండ్రిని మట్టిచేసిన దినమున పాడిన పాట ఏ దేశములో పుట్టినదని కుమారుడు అడుగడు. కన్నీరు పడిన పాట మనదే అగును. వాటిని పుస్తకమునుండి తీసివేయవలెనని ఇప్పుడు కొందరు పట్టణపు విద్యావంతులు వాదించుట నాకు సమ్మతము కాదు.

మనకు సువార్త తెచ్చిన మెన్నొనైటుల పితరుల సంగతి ఇక్కడ చెప్పుట మంచిది. వారు యూరపులో పదునారవ శతాబ్దపు అనాబాప్టిస్టులు. జర్మనీ దేశపు పస్సావు కోటలో 1535 మొదలుకొని వారిలో కొందరు బంధింపబడిరి. ఆ చెరసాల నేలమాళిగలో వారు పాటలు కట్టిరి. అవి 1564లో అచ్చుపడి, తరువాత ఆస్‌బుండ్ అను పేరుగల పుస్తకములో చేరినవి. అమిష్ అను శాఖవారు నేటికిని వాటినే పాడుచున్నారు. ఆ ఖైదీలు తమ పాటలకు ఏ రాగములు పెట్టిరో ఎరుగుదురా? అప్పటి జనులు వీధులలోను పొలములలోను పాడుకొనుచుండిన రాగములే పెట్టిరి. ఫలాని జానపదగీతపు రాగమున పాడవలెనని పుస్తకములో పాటపైన వ్రాయబడియున్నది. తమ నేల పాటను వారు అపవిత్రమని ఎంచలేదు. వారి బిడ్డల బిడ్డలవలన రక్షణ వార్త విన్న మనము, మన నేల పాటను మందిరపు గడప బయట నిలువబెట్టుట వింతయే.

అమెరికాలోని నీగ్రో బానిసల పాటలును అట్టివే. వారికి చదువు నిషేధింపబడెను. నిర్గమకాండపు కథ చెవినుండి చెవికి పోయెను. ప్రత్తి చేనులో ఒకడు ఎత్తగా తక్కినవారు అందుకొను పాటలుగా ఆ కథ మారెను. బానిసత్వము పోయిన పిమ్మట 1866లో నాష్‌విల్ నగరమున ఫిస్కు పాఠశాల స్థాపింపబడెను. డబ్బు లేక అది మూతపడు స్థితికి రాగా, 1871లో విద్యార్థులు కొందరు జూబిలీ గాయకులను పేరట ఊరూర పాడుటకు బయలుదేరిరి. 1873లో విక్టోరియా రాణి యెదుట కూడ పాడిరి. మొదట వారు తెల్లవారి నాగరికపు పాటలే పాడుచుండిరి. తమ తల్లులు చేనిలో పాడిన పాటలను సభలో పాడుటకు వారికి సిగ్గుగా నుండెను. ఆ సిగ్గు విడిచి పాడిన దినమునుండి జనులు కన్నీరు విడిచిరి. ప్రత్తి చేను మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను: నడిగడ్డలో విత్తనపు ప్రత్తి పూలకు క్రాసింగు చేయుటకు తెల్లవారకముందే పోవు ఆడుపిల్లల వ్రేళ్ళను గూర్చి ఒక్క క్రైస్తవ గీతమైనను మన కన్వెన్షనులలో నేను వినలేదు.

ఇక డప్పు సంగతి. సంఘములలో మాట పెరుగుచున్నది ఇక్కడనే గనుక నిదానముగా చదువవలెనని కోరుచున్నాను.

మన పితరులలో అనేకులు క్రీస్తును నమ్మినప్పుడు డప్పు విడిచిరి. ఎందుకు విడిచిరి? జాతరలో గ్రామదేవత యెదుట డప్పు కొట్టుట వారిమీద మోపబడిన వెట్టి. పిలిచినప్పుడు పోవలెను, ఇచ్చినది తీసికొనవలెను. ఒంగోలు ప్రాంతమున 1860ల చివరిలో నమ్మిన మాదిగలు జాతరకు డప్పు కొట్టమని చెప్పి, దానికొరకు ఊరి పెద్దలచేత అనేక బాధలు పడిరి. డప్పును క్రింద పెట్టుట వారికి విడుదల సూచన. అందుచేత మా పెద్దలలో ఒకరు, "మా నాయన కాళ్ళమీద పడి ఇడిసిపెట్టించుకున్నదాన్ని మీరు గుడిలకు తెస్తరా అయ్యగారూ?" అని అడిగినప్పుడు ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. అది మూఢత్వము కాదు. దానివెనుక దెబ్బలు తిన్న వీపు ఉన్నది.

మరియొక ప్రక్క వారి మనుమలు నిలిచియున్నారు. వారు కళాశాలలలోను, అంబేద్కరు జయంతి ఊరేగింపులలోను, తెలంగాణ ఉద్యమపు ధూంధాములలోను డప్పు విని పెరిగినవారు. వారికి అది వెట్టి సూచన కాదు, తల యెత్తుకొను సూచన. ఒకే చర్మము, ఒకే చప్పుడు. తాతకు అవమానము, మనుమనికి ధైర్యము. వాద్యము మారలేదు, దానిచుట్టునున్న బ్రదుకు మారినది. పాటకును పరిసరమునకును గల సంబంధము ఇంతకంటె స్పష్టముగా నాకు మరెక్కడను కనబడలేదు.

వేదము ఏమి చెప్పుచున్నది? నిర్గమకాండము 15వ అధ్యాయములో సముద్రము దాటిన పిమ్మట మిర్యాము చేతపట్టినదానిని మన బైబిలు తంబుర అనుచున్నది. 150వ కీర్తనలోను ఆ మాటయే. తంబుర అనగానే మనము శ్రుతికి మీటు నాలుగు తంతుల వాద్యమని తలంచి ఊరకుందుము. హెబ్రీ మాట తోఫ్. అది గుండ్రని చట్రమునకు చర్మము బిగించి, ఒక చేత పట్టుకొని, రెండవ చేత కొట్టునది. అనగా తంతులు లేనిది, తోలుది. మన డప్పునకు అది మిక్కిలి దగ్గర చుట్టము. దీనిని పుల్లలతో కొట్టుదురు, దానిని అరచేతితో కొట్టిరి. ఇంకొక సంగతి, దానిని కొట్టినవారు స్త్రీలు. వెట్టిదేశమునుండి బయటికి వచ్చిన జనము మొదటి పాటకు తోలువాద్యమును ఎత్తినది. అనువాదకులు తంబుర అని వ్రాయుటలో దురుద్దేశమేమియు నుండదు. వారికి మందిరమునకు తగినదిగా తోచిన మాటను ఎంచుకొనిరి. అయితే ఆ ఒక్క మాటచేత మన జనులు తమ చేతిలోని వాద్యము పరిశుద్ధ గ్రంథములో ఉన్నదని ఎరుగకయే తరములు గడిపిరి.

ఇంతమాత్రమున ప్రతి ఆదివారము డప్పు మ్రోగవలెనని నేను చెప్పుట లేదు. తాత బ్రదికియుండగా అతని గాయముమీద కొట్టుట ప్రేమ కాదు. మనుమని నోరు మూయుటయు ప్రేమ కాదు. పౌలు కొలొస్సయులకు వ్రాసినప్పుడు పాటను ఒకరికొకరు బోధించుకొను సాధనముగా చెప్పెను. ఒకరికొకరు అను మాటమీద నిలువుడి. తాతయు మనుమడును ఒకరి పాట ఒకరు వినకుండ ఆ ఆజ్ఞ నెరవేరదు.

కన్నీరు వచ్చినంతమాత్రమున ఆరాధన జరిగినదని తలంచువారికి ఒక హెచ్చరిక. ఆమోసు తెకోవ ఊరి కాపరి. సింహపు నోటినుండి విడిపించిన గొర్రె చెవిముక్క, వేసవికాలపు పండ్ల గంప, ఇట్టి మాటలలోనే ఆయన ప్రవచించెను; పొలమువాని పరిసరము ఆయన నోట నిండియున్నది. ఆయన ద్వారానే దేవుడు మీ పాటల ధ్వని నాకు వద్దని చెప్పెను. రాగము చెడినందున కాదు, వాకిట కూలివానికి న్యాయము చెడినందున. యెహెజ్కేలు 33వ అధ్యాయపు చివర చూడుడి: జనులు ప్రవక్త మాటను ఇంపైన గాత్రముగల గాయకుని పాటవలె విని మెచ్చుకొని, ఏమియు చేయక ఇంటికి పోయిరి. రాత్రి కన్వెన్షనులో ఏడ్చి ఉదయము కూలి ఎగవేయువాడు ఏ రాగమునకు ఏడ్చినను ఒకటే.

సినిమా రాగములకు క్రీస్తు నామము అతికించి పాడుటను గూర్చి అనేకులు అడుగుచున్నారు. అనాబాప్టిస్టులు జానపద రాగములు తీసికొనలేదా అని మన పిల్లలు వాదింతురు, వాదము బలమైనదే. నాకు తోచునదేమనగా, రాగము తన పాత ఇల్లును వెంట తెచ్చును. నిన్న తెరమీద చూచిన పాట రాగము నేడు మందిరములో వినబడినయెడల, మనస్సు మందిరములో కూర్చుండక తెరయొద్దకు పోవును. ముప్పది యేండ్ల తరువాత ఆ తెర మరచిపోబడి రాగము మాత్రము నిలిచినయెడల అప్పుడు చూడవచ్చును. సెల్‌ఫోనులో హైదరాబాదు గాయకులు పాడిన పాటలు విని, కీబోర్డులో ముందుగా నింపియున్న తాళమును నొక్కి పాడు పద్ధతిని గూర్చియు ఇదే బాధ. కీబోర్డు పాపము చేయలేదు. అయితే అది వచ్చినప్పటినుండి మా అవ్వలు పాడుట మానిరి. వారి శ్రుతి, వారి నిదానము దానికి సరిపడవు. ఆ యంత్రము వారికొరకు ఆగదు.

కీర్తనల గ్రంథములో దాదాపు మూడవవంతు మొరలే. మన పాటల పుస్తకములో మొరలెన్ని? పంట పోయినవాడు, బోరు ఎండినవాడు, కొడుకును బొంబాయి బస్సు ఎక్కించి వచ్చిన తల్లి ఆదివారము వచ్చి విజయగీతములే పాడవలసి వచ్చుచున్నది. పాడలేనివారు ఊరకుందురు. వారిని విశ్వాసము చల్లారినవారని మనము తలంచుచున్నాము.

ఆలకించుటకు ఒక ఏర్పాటు చేయుచున్నాము. రాబోవు కోత పండుగకు ముందుగా ప్రతి వాడకట్టునుండి ఒక్కొక్క పాట తేవలెను. అచ్చుపుస్తకములోని పాట పనికిరాదు. నాటు వేయునప్పుడు, దంచునప్పుడు, వలసలో, లేక బిడ్డను నిద్రపుచ్చునప్పుడు మీ యింటి పెద్దలు పాడినది గాని, అట్టి బాణీలో మీరు క్రొత్తగా కట్టినది గాని కావలెను. బైబిలు స్త్రీలు ముసలివారి యిండ్లకు పోయి, వారు పాడగా నోటుపుస్తకములో వ్రాయవలెను. చదువుకొన్న పిల్లలు సెల్‌ఫోనులో పట్టవలెను. పాట ఎవరు నేర్పిరో, ఏ ఊరిలో, ఏ పనిలో పాడిరో ప్రక్కన తప్పక వ్రాయవలెను. ఆ మాట లేని పాట సగము పాటయే. అక్షరము పోయినను దిద్దవద్దు. ముసలివారు పాడినట్లే వ్రాయుడి.

డప్పును గూర్చి సంఘపు పెద్దలు రెండు సాయంకాలములు కూర్చుండి మాటలాడిరి. కోత పండుగ దినమున ఊరేగింపు మందిరపు వాకిటివరకు డప్పుతో వచ్చుటకు సమ్మతించిరి. లోపల వాయించు విషయమై ఆ పండుగ గడచిన పిమ్మట, సంఘమంతయు కూడినప్పుడు, మొదట ముసలివారు, తరువాత పిల్లలు మాటలాడుదురు. కొట్టుటకు ముందు డప్పును కాచవలెను గనుక, ఎండు కట్టెలును జొన్నచొప్పయు పురుషుల సమాజమువారు తెల్లవారకముందే వాకిట చేర్చవలెను.